‘పరిశోధనలో తేలింది’... ఇంతకీ ఏం తేలింది?

*చిన్న ఆరోగ్య ఉత్పత్తుల సంస్థలు, విశ్వవిద్యాలయాలు చేతులు కలిపితే మేలే. కానీ ప్యాకెట్‌ మీది మాటను ఎంతవరకు నమ్మాలి?*

రాగి మాల్ట్‌, చిరుధాన్యాల మిక్స్‌, మునగాకు పొడి, నల్లేరు పచ్చడి, కషాయం పొట్లాలు... ఒకప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు చేసుకునే ఇవన్నీ ఇప్పుడు వీధి చివరి దుకాణంలోనూ, ఫోన్‌లోనూ, అపార్ట్‌మెంట్‌ వాట్సప్‌ గ్రూపులోనూ దొరుకుతున్నాయి. తయారు చేసేది పెద్ద కంపెనీలే కాదు. ఉద్యోగం వదిలేసి వచ్చిన ఇంజినీర్లు, పిల్లలు చదువులకు వెళ్లిపోయాక సొంతంగా ఏదైనా చేద్దామనుకున్న గృహిణులు, ఊళ్లలోని స్వయం సహాయక సంఘాల మహిళలు కూడా ఈ రంగంలో ఉన్నారు. మంచి పరిణామమే. అయితే పోటీ పెరిగేకొద్దీ రుచి, శుభ్రత, ధర అనే మూడు మాటలు చాలడం లేదు. నాలుగో మాట వచ్చి చేరింది: ‘శాస్త్రవేత్తల సహకారంతో’, ‘ల్యాబ్‌లో పరీక్షించినది’, ‘పరిశోధనలో తేలింది’.

ఈ మాట చూడగానే మన చెయ్యి ప్యాకెట్‌ మీదికి వెళ్తుంది. ఇంట్లో నాన్నకు షుగర్‌, అమ్మకు మోకాళ్ల నొప్పులు, పిల్లాడు అన్నం సరిగా తినడు. పక్క దాని కంటే యాభై రూపాయలు ఎక్కువైనా ‘పరీక్షించినది కదా’ అని కొంటాం. అందుకే ఆ మాట వెనక ఏం జరిగిందో తెలుసుకోవడం అమ్మేవాళ్లకూ, కొనేవాళ్లకూ అవసరం.

ఇప్పుడే ఎందుకు?

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించడంతో ఈ రంగానికి ఊపు వచ్చింది. ఈ విషయంలో హైదరాబాద్‌ది ప్రత్యేక స్థానం. రాజేంద్రనగర్‌లో భారతీయ చిరుధాన్యాల పరిశోధన సంస్థ ఉంది. దానికి అనుబంధంగా ‘న్యూట్రిహబ్‌’ అనే కేంద్రం చిరుధాన్యాల స్టార్టప్‌లకు శిక్షణ, యంత్రాలు, సలహాలు అందిస్తోంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్‌, సైఫాబాద్‌లో తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కమ్యూనిటీ సైన్స్‌ కళాశాల... అన్నీ ఒకే నగర పరిధిలో ఉన్నాయి. అటు ఆంధ్రప్రదేశ్‌లో ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, రెండు రాష్ట్రాల జిల్లాల్లో కృషి విజ్ఞాన కేంద్రాలు ఉన్నాయి.

డబ్బు దారులు కూడా కొన్ని తెరుచుకున్నాయి. 2020లో మొదలైన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో యూనిట్‌ ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల వరకు రాయితీ ఇచ్చారు. జీవ సాంకేతిక రంగంలో కొత్త ఆలోచన ఉన్నవారికి కేంద్ర సంస్థ బైరాక్‌ ‘బిగ్‌’ పథకం కింద 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తుంది. ఇటు విశ్వవిద్యాలయాల్లో పీజీ విద్యార్థులకు ప్రాజెక్టు కావాలి, అధ్యాపకులకు పరిశోధన పత్రాలు కావాలి. అటు చిన్న వ్యాపారికి ల్యాబ్‌ కావాలి, పేరు కావాలి. ఇద్దరి అవసరాలూ కలిశాయి. తప్పేమీ లేదు. చిక్కంతా ఎవరు దేన్ని ‘పరిశోధన’ అంటున్నారన్న దగ్గరే.

ఒకే మాట, మూడు అర్థాలు

చిన్న సంస్థకూ విశ్వవిద్యాలయానికీ మధ్య జరిగే పని సాధారణంగా మూడు రకాలు.

మొదటిది నమూనా పరీక్ష. అరకిలో పిండి తీసుకెళ్లి ల్యాబ్‌లో ఇస్తారు. అందులో ప్రొటీన్‌ ఎంత, పీచు ఎంత, తేమ ఎంత, బూజు విషాలు ఉన్నాయా, సీసం వంటి భార లోహాలు ఉన్నాయా అని చూసి కాగితం ఇస్తారు. ఇది చాలా అవసరమైన పని. కానీ ఆ కాగితం ఆ రోజు ఇచ్చిన ఆ నమూనా గురించి మాత్రమే చెబుతుంది. తింటే ఒంట్లో ఏమవుతుందో చెప్పదు.

రెండోది తయారీ విధానంలో సాయం. సజ్జపిండి సంగతి మన వంటింట్లో అందరికీ తెలిసిందే, పట్టించిన కొద్దిరోజులకే చేదెక్కుతుంది. సజ్జలో కొవ్వు ఎక్కువ. పిండి పట్టగానే అందులోని ఎంజైము ఆ కొవ్వును విడగొట్టడం మొదలుపెడుతుంది. గింజను ముందుగా తగినంత వేడికి గురిచేస్తే ఆ ఎంజైము పని ఆగుతుంది, పిండి ఎక్కువ కాలం నిలుస్తుంది. ఎంత వేడి, ఎంతసేపు అన్నది ఇంట్లో అంచనాతో తేలదు, ల్యాబ్‌లో తేలుతుంది. చిన్న వ్యాపారికి విశ్వవిద్యాలయం చేయగల అసలైన మేలు ఇక్కడే ఉంది. విచిత్రమేమిటంటే ప్యాకెట్‌ మీద దీన్ని ఎవరూ గొప్పగా రాసుకోరు.

మూడోది మనుషుల మీద అధ్యయనం. కొంతమందికి ఆ ఆహారం ఇచ్చి, మరికొంతమందికి ఇవ్వకుండా, ఇద్దరిలోనూ షుగరో బరువో ఎలా మారిందో పోల్చి చూస్తారు. దీనికి సంస్థ నైతిక కమిటీ అనుమతి కావాలి, పాల్గొనేవారి రాతపూర్వక అంగీకారం కావాలి. సమయం, డబ్బు కూడా ఎక్కువే పడతాయి.

మొదటి పని చేయించుకుని మూడోది చేసినట్టు చెప్పుకోవడమే మనం మార్కెట్‌లో తరచూ చూసే తిరకాసు. ‘ల్యాబ్‌లో పరీక్షించినది’ అన్న మాట నిజమే. దాని పక్కన ‘షుగర్‌కు మంచిది’ అన్న మాట వేరే. రెండూ ఒకే ప్యాకెట్‌ మీద పక్కపక్కన ఉండేసరికి, మొదటిదే రెండోదాన్ని రుజువు చేసినట్టు మనకు అనిపిస్తుంది.

గింజ మీది అధ్యయనం, ప్యాకెట్‌ మీది బొమ్మ

చిరుధాన్యాల మీద మంచి పరిశోధన లేదా అంటే, ఉంది. 2021లో ఇక్రిశాట్‌ నాయకత్వంలో జాతీయ పోషకాహార సంస్థ, బ్రిటన్‌లోని రీడింగ్‌ విశ్వవిద్యాలయం సహా పలు సంస్థల శాస్త్రవేత్తలు అంతకుముందు జరిగిన 65 అధ్యయనాలను ఒకచోట చేర్చి విశ్లేషించారు. చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్‌ ఇండెక్స్‌ 52.7 అని, తెల్ల బియ్యం, మైదాలతో పోలిస్తే ఇది బాగా తక్కువని తేల్చారు. క్రమం తప్పకుండా తిన్న మధుమేహుల్లో పరగడుపు, భోజనానంతర గ్లూకోజు 12-15 శాతం తగ్గినట్టు లెక్కకట్టారు.

విలువైన సమాచారమే. కానీ ఇవి ఎన్నో రకాల చిరుధాన్యాలను, ఎన్నో రకాలుగా వండి తిన్న వారి మీద వచ్చిన సగటు లెక్కలు. ఫలానా బ్రాండు డబ్బా మీద వచ్చిన ఫలితాలు కావు. అదే గింజను మెత్తటి పిండిగా పట్టి, బెల్లం పొడో చక్కెరో కలిపి, పాలపొడి చేర్చి మాల్ట్‌గా అమ్మితే అది వేరే ఆహారం. గింజ ఎంత మెత్తగా నలిగితే అంత త్వరగా అరిగి, రక్తంలోకి గ్లూకోజు అంత వేగంగా చేరుతుంది. అన్నంలా వండిన కొర్రలూ, గ్లాసులో కలుపుకొని తాగే కొర్ర మిక్సూ ఒంట్లో ఒకేలా పనిచేస్తాయన్న హామీ లేదు.

మరి ఆ మిక్స్‌ సంగతి తేల్చుకోవాలంటే? దానికి పద్ధతి ఉంది. కనీసం 10 మంది ఆరోగ్యవంతులు రాత్రంతా ఏమీ తినకుండా ఉదయాన్నే వస్తారు. 50 గ్రాముల పిండిపదార్థం ఒంటికి అందేంత పరిమాణంలో ఆ ఆహారం తింటారు. ఆ తర్వాత రెండు గంటల పాటు మధ్యమధ్యలో రక్తం తీసి గ్లూకోజు చూస్తారు. అదే మనుషులు మరో రోజు గ్లూకోజు నీళ్లు తాగి అదే పరీక్ష చేయించుకుంటారు. రెండింటినీ పోల్చి, గ్లూకోజును 100గా లెక్కించి ఆహారానికి అంకె వేస్తారు. 55, అంతకంటే తక్కువైతే ‘తక్కువ’, 70, ఆపైన అయితే ‘ఎక్కువ’. ఒక చిన్న సంస్థ ఒక మంచి పరిశోధన కేంద్రంతో కలిసి చేయించుకోగల పని ఇది. ఫలితం తనకు నచ్చేలా రాకపోయినా, బెల్లం తగ్గించడమో పిండిని రవ్వగా మార్చడమో చేసి మళ్లీ చూసుకోవచ్చు. అప్పుడు ‘తక్కువ గ్లైసీమిక్‌ ఇండెక్స్‌’ అని రాసుకుంటే ఆ మాటకు ఆధారం ఉంటుంది. అప్పుడు కూడా అది ‘షుగర్‌ తగ్గిస్తుంది’ అని అర్థం కాదు.

డబ్బు ఎవరిదన్నది ముఖ్యమే

పరిశోధనకు వ్యాపార సంస్థ డబ్బిస్తే ఫలితం అబద్ధమని అర్థం కాదు. కానీ జాగ్రత్త పడాల్సిన కారణాలు చరిత్రలో చాలానే ఉన్నాయి. గుండెజబ్బుల్లో చక్కెర పాత్రను తగ్గించి, నెపాన్ని కొవ్వు మీదికి నెట్టిన ఒక సమీక్ష 1967లో అమెరికాలోని ప్రముఖ వైద్య పత్రికలో వచ్చింది. దాన్ని రాసిన హార్వర్డ్‌ పరిశోధకులకు చక్కెర పరిశ్రమ డబ్బు చెల్లించిందని పాత ఉత్తరాల ఆధారంగా 2016లో బయటపడింది. మందులు, వైద్య పరికరాల అధ్యయనాలను పోల్చి చూసిన కాక్రేన్‌ సంస్థ 2017 సమీక్షలో, తయారీదారుల డబ్బుతో జరిగిన వాటిలో అనుకూల ఫలితాలు ఎక్కువగా వస్తున్నట్టు తేలింది.

మన దగ్గరి ఉదాహరణా ఉంది. 2020 జూన్‌ 23న పతంజలి సంస్థ ‘కరోనిల్‌’ను కొవిడ్‌కు మందుగా విడుదల చేసింది. అధ్యయనం చేసింది జైపూర్‌లోని నిమ్స్‌ విశ్వవిద్యాలయంతో కలిసి. ఇది మన పంజాగుట్ట నిమ్స్‌ కాదు, అదే పొట్టి పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయం. క్లినికల్‌ ట్రయల్స్‌ రిజిస్ట్రీలో నమోదు కూడా ఉంది. అయితే అధ్యయనంలో ఉన్నది దాదాపు వంద మంది, అదీ స్వల్ప లక్షణాలున్న, లేదా లక్షణాలే లేని వారు. అలాంటివారిలో చాలామంది ఏ మందూ లేకుండానే కోలుకునేవారన్నది అప్పటికే తెలుసు. అదే రోజు ఆయుష్‌ మంత్రిత్వశాఖ వివరాలు అడిగి, ప్రకటనలు ఆపమంది. తర్వాత అమ్ముకోవచ్చు గానీ కొవిడ్‌ను నయం చేస్తుందని చెప్పకూడదని స్పష్టం చేసింది. విశ్వవిద్యాలయం పేరు, రిజిస్ట్రీ నమోదు రెండూ ఉన్నా రుజువు ఉన్నట్టు కాదనడానికి ఇంతకంటే ఏం కావాలి?

మరుసటి ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో పంచిన మందుకు జనం ఎలా పోటెత్తారో మనకు గుర్తే. అధికారులు, ఆయుర్వేద పరిశోధకులు పరిశీలించాక రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలు మినహా మిగతా వాటికి అనుమతిచ్చింది. హాని కనబడలేదన్నారు తప్ప, కరోనాను నయం చేస్తుందనడానికి ఆధారాలు ఉన్నాయనలేదు. కానీ జనం నోట ఆ మాట ‘ప్రభుత్వమే పరీక్షించి ఒప్పుకుంది’ అయిపోయింది. ‘హాని లేదు’కూ ‘పనిచేస్తుంది’కీ మధ్య దూరం అంత తేలిగ్గా చెరిగిపోతుంది.

సజావుగా సాగినవీ ఉన్నాయి

ఈ జోడీ వల్ల దేశానికి మేలు జరిగిన సందర్భాలు తక్కువేమీ కాదు. గేదెపాలతో పసిపిల్లల పాలపొడి చేయడం కష్టమనుకున్న రోజుల్లో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ ఆ విధానాన్ని రూపొందించింది. అమూల్‌ దాన్ని అందిపుచ్చుకుంది. గోధుమ, శనగపప్పు, వేరుశనగ, బెల్లంతో జాతీయ పోషకాహార సంస్థ తయారుచేసిన ‘హైదరాబాద్‌ మిక్స్‌’ బలహీనంగా ఉన్న పిల్లల కోసం పుట్టింది. ఇందులో రహస్యం ఏమీ లేదు, ఏ ఇంట్లోనైనా చేసుకోవచ్చు.

కేరళ కథ మరింత ఆలోచింపజేస్తుంది. 1987లో అగస్త్య కొండల్లో తిరుగుతున్న పరిశోధకులకు తోడు వచ్చిన కాణి గిరిజనులు అలసట లేకుండా నడవడానికి ఒక మొక్క కాయలు తింటున్నారు. అదే ‘ఆరోగ్యపచ్చ’. తిరువనంతపురం ఉష్ణమండల వృక్షశాస్త్ర సంస్థ దాని మీద పనిచేసి ‘జీవని’ అనే మందు రూపొందించింది. 1995లో తయారీ హక్కును 10 లక్షల రూపాయల ఫీజు, 2 శాతం రాయల్టీకి కోయంబత్తూరులోని ఒక ఆయుర్వేద సంస్థకు ఇచ్చింది. వచ్చిన దాంట్లో సగం కాణిలకు దక్కాలని నిర్ణయించి, 1997లో వారి పేరిట ట్రస్టు ఏర్పాటు చేశారు. తర్వాత మొక్కల సేకరణకు అటవీ శాఖతో చిక్కులు వచ్చాయి, అనుకున్నంత సాఫీగా సాగలేదు. అయినా తెలివి ఎవరిదో వారికి వాటా ఉండాలని కాగితం మీద రాసుకున్న తొలినాటి ఒప్పందాల్లో అదొకటి. అరకు నుంచో నల్లమల నుంచో మూలికలు తెప్పించి అందమైన సీసాల్లో పెట్టి అమ్మేవారు గుర్తుంచుకోవాల్సిన సంగతి.

వ్యాపారం పెట్టిన వారికి

మన ఇళ్ల నుంచే ఎంతోమంది ఈ రంగంలోకి వెళ్తున్నారు కాబట్టి వారికీ నాలుగు మాటలు.

విశ్వవిద్యాలయం గడప తొక్కేముందు ఒకే ఒక్క చిన్న ప్రశ్న సిద్ధం చేసుకోండి. ‘మా పొడి షుగర్‌ తగ్గిస్తుందని రుజువు చేయండి’ అన్నది ప్రశ్న కాదు, జవాబు ముందే రాసిపెట్టుకోవడం. ‘మా మిక్స్‌ ఎన్నాళ్లు నిలుస్తుంది? కప్పుకు ఎంత చక్కెర చేరుతోంది?’ అన్నవి ప్రశ్నలు. వీటికి తక్కువ ఖర్చుతో, కొద్ది నెలల్లో జవాబు దొరుకుతుంది.

ఒప్పందం నోటిమాటగా వదలొద్దు. ఖర్చు ఎవరిది, సమాచారం ఎవరి దగ్గర ఉంటుంది, కొత్త విధానం కనుక్కుంటే హక్కు ఎవరిది, విశ్వవిద్యాలయం పేరును ప్యాకెట్‌ మీద వాడొచ్చా... ఇవన్నీ రాసుకోవాలి. నానమ్మ చెప్పిన పాత చిట్కాకు పేటెంటు వస్తుందన్న ఆశ వద్దు. సంప్రదాయ విజ్ఞానానికి మన చట్టం పేటెంటు ఇవ్వదు. గాయాలు మాన్పే పసుపు మీద 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన సీఎస్‌ఐఆర్‌ సవాలు చేసి 1997లో రద్దు చేయించింది కూడా ఈ వాదనతోనే.

అన్నిటికంటే ముఖ్యం, ఫలితం ఎలా వచ్చినా ప్రచురించే హక్కు పరిశోధకులకు ఉండాలి. ‘బాగా వస్తేనే బయటపెట్టాలి’ అన్న షరతు పెడితే మీకు దక్కేది పరిశోధన కాదు, ఖరీదైన ప్రకటన.

ముప్పై మందికి మూడు నెలలు మిక్స్‌ ఇచ్చి, షుగర్‌ 160 నుంచి 140కి తగ్గిందని విద్యార్థి ప్రాజెక్టులో వచ్చిందనుకుందాం. ఆ మూడు నెలల్లో వాళ్లు నడక మొదలుపెట్టి ఉండొచ్చు, రాత్రి అన్నం మానేసి ఉండొచ్చు, డాక్టరు మాత్ర మార్చి ఉండొచ్చు. మిక్స్‌ తీసుకోని మరో ముప్పై మందితో పోల్చకపోతే తగ్గింది దేనివల్లో చెప్పలేం. ఆ ప్రాజెక్టు విద్యార్థికి మంచి పాఠమే. ప్యాకెట్‌కు మాత్రం రుజువు కాదు.

చట్టం సంగతీ తెలిసి ఉండాలి. ఆహార ప్రమాణాల సంస్థ 2018 నిబంధనల ప్రకారం ఆరోగ్య ప్రయోజనం చెప్పుకోవాలంటే శాస్త్రీయ ఆధారం ఉండాలి. ఆహారం జబ్బును నయం చేస్తుందని చెప్పడం కుదరదు. మందుల విషయంలో 1954 నాటి చట్టం మధుమేహం, రక్తపోటు, ఊబకాయం సహా పలు జబ్బులను నయం చేస్తామన్న ప్రకటనలను నిషేధించింది. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా పడొచ్చు. చిన్న వ్యాపారాన్ని మూసేయించడానికి అది చాలు.

కొనే ముందు ఐదు ప్రశ్నలు

* పరీక్షించింది ఈ ప్యాకెట్‌నా, ఇందులోని ఒక దినుసునా? రాగి మీది అధ్యయనం రాగి బిస్కెట్‌కు వర్తించదు.
* పరీక్ష ల్యాబ్‌లో జరిగిందా, మనుషుల మీదా? ఎంతమంది, ఎన్నాళ్లు, ఎవరితో పోల్చారు?
* ఏ సంస్థ, ఏ విభాగం? పూర్తి పేరు లేకుండా ‘ప్రముఖ విశ్వవిద్యాలయం’ అని మాత్రమే ఉంటే పక్కన పెట్టండి.
* మనుషుల మీద జరిగిందంటే క్లినికల్‌ ట్రయల్స్‌ రిజిస్ట్రీలో ఉందా? ఇది ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. నమోదు అంటే ఆమోదం కాదన్నది మాత్రం మరవొద్దు.
* ఖర్చు ఎవరు పెట్టారు? ఆ మాట దాచకుండా చెప్పిన సంస్థను కొంచెం ఎక్కువ నమ్మొచ్చు.

ప్యాకెట్‌ మీది 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు తయారీదారు నమోదైనట్టు చెబుతుంది. ఆరోగ్య ప్రయోజనానికి అది ముద్ర కాదు. వెనక్కి తిప్పి దినుసుల జాబితా చదవండి. బరువు ప్రకారం ఎక్కువ ఉన్నది ముందు రాస్తారు. ‘చిరుధాన్యాల మిక్స్‌’లో మొదటి పేరు చక్కెరో గోధుమపిండో అయితే ఇక పరిశోధనతో పనేముంది?

అడిగితే మారుతుంది

మామూలు మనుషులు అడిగితే ఏమవుతుందన్న నిరాశ అక్కర్లేదు. ఓఆర్‌ఎస్‌ పేరుతో అమ్ముతున్న తియ్యటి పానీయాల మీద హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్‌ శివరంజని సంతోష్‌ ఏళ్ల తరబడి పోరాడారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. ఆ పానీయాల్లో చక్కెర అంతకు ఎన్నో రెట్లు. విరేచనాలతో నీరసించిన బిడ్డకు అది ఇంకా చేటు చేస్తుంది. చివరకు 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాల సంస్థ ఆ సూత్రానికి సరిపోని పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్‌’ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది. ఒక్క మాట దుర్వినియోగం ఆగడానికి అన్నేళ్లు పట్టింది.

‘పరిశోధనలో తేలింది’ అన్న మాటకూ అదే జాగ్రత్త కావాలి. ఇక్కడ పోయేది యాభై రూపాయలే అయితే ఇంత చర్చ అక్కర్లేదు. ‘విశ్వవిద్యాలయం వాళ్లే చెప్పారు’ అన్న ధీమాతో పొడి మొదలుపెట్టి, షుగర్‌ మాత్ర మానేసిన మనిషికి పోయేది కంటిచూపు కావచ్చు, మూత్రపిండం కావచ్చు. ఏ మిక్స్‌ తాగినా, ఎవరు పరీక్షించినా, మాత్ర తగ్గించాలా వద్దా అన్నది మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చూసి డాక్టరు చెప్పాల్సిందే.

మంచి రాగి మాల్ట్‌ను రాగి మాల్ట్‌గానే అమ్మొచ్చు. శుభ్రంగా చేశాం, ఇన్నాళ్లు నిలుస్తుంది, కప్పుకు ఇంత చక్కెర ఉంది అని చెప్పి, ఆ మూడింటికీ విశ్వవిద్యాలయం కాగితం చూపించే చిన్న సంస్థ ఎదురైతే వదులుకోకండి. తనకు తెలిసినంతవరకే చెప్పే అలాంటి సంస్థలు బతకాలంటే మనం కొనాలి.